బూమ్ నీడలో బతుకులు

భారీ తవ్వకపు యంత్రం గురించి రాసేవాళ్లంతా ముందు బకెట్ సైజు చెబుతారు. అందులో ఎన్ని బస్సులు పడతాయి, యంత్రపు పొడవాటి చెయ్యి బూమ్ ఎన్ని అంతస్తుల ఎత్తు, బరువు ఎన్ని వేల టన్నులు అని. ఆ లెక్కలు ఈ వ్యాసంలోనూ వస్తాయి, తప్పదు. కానీ ఈ యంత్రాల నూట తొంభై ఏళ్ల చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది సైజు కాదు. యంత్రం పెరిగినకొద్దీ దాని చుట్టూ పనిచేసే మనుషులు తగ్గుతూ వచ్చారు. తగ్గగా మిగిలిన ఆ కొద్దిమంది బతుకు మాత్రం దానికి మరింత గట్టిగా ముడిపడింది. వాళ్ల నిద్ర, తిండి, పండగ సెలవులు, చివరికి చెవుల వినికిడి కూడా దాని చేతిలోకి పోయాయి.

యంత్రం రాకముందు మట్టిపని ఎలా జరిగేదో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. పలుగు, పార, గంప. దక్షిణాదిన చెరువుల్లో, కాలువల్లో, కోట కందకాల్లో వడ్డెరల చెమట చాలా ఉంది. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో ‘వడ్డర్లు’గా కనిపించే వీళ్లు పంతొమ్మిదో శతాబ్దంలో రైల్వే కట్టల మీదా పెద్దఎత్తున పనిచేశారు. కుటుంబానికి కుటుంబం పనిలోకి దిగేది. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు గంపలు మోసేవాళ్లు. రోజుకూలీ కన్నా తవ్విన మట్టి కొలతను బట్టి డబ్బు తీసుకోవడమే వాళ్లకు ఇష్టం. లోతు తెలియడానికి గుంత మధ్యలో ఒక మట్టి దిమ్మను తవ్వకుండా వదిలేవాళ్లు. ఆ దిమ్మ ఎత్తును బట్టే చేతికొచ్చే డబ్బు. 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడూ, తర్వాత డెల్టా కాలువలు తవ్వినప్పుడూ పనిచేసినవి చేతులే. నూరేళ్లు గడిచి 1955లో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడ్డాక కూడా అక్కడ రాయీ మట్టీ మోసినవి చాలావరకు మనుషుల తలలూ భుజాలే. అప్పటికి యంత్రాలు లేకనా? ఉన్నాయి. మనిషి అంతకన్నా చవగ్గా దొరికాడు. ఈ చరిత్ర పొడవునా యంత్రానికి అడ్డుపడ్డ మొదటి కారణం ఇదే.

అమెరికాలోనూ అంతే జరిగింది. విలియం ఓటిస్ అనే కుర్రాడు 1830ల మధ్యలో మసాచుసెట్స్ రైలుమార్గం పనికోసం ఆవిరితో నడిచే పారను (ఆవిరి షావల్) తయారుచేశాడు. 1839లో పేటెంట్ చేతికొచ్చింది. అదే ఏడాది టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటికి ఇరవయ్యారేళ్లు. ఆయన యంత్రాల్లో కొన్ని రష్యాకు వెళ్లి సెయింట్ పీటర్స్‌బర్గ్–మాస్కో రైలుమార్గం దగ్గర పనిచేశాయి. సొంత దేశంలో మాత్రం అడిగేవాళ్లు కరువయ్యారు. ఐర్లండ్ నుంచి ఓడల నిండా కూలీలు దిగుతుంటే కాంట్రాక్టరు బాయిలర్ కొని ఎందుకు తంటాలు పడతాడు? పైగా పేటెంటు కుటుంబం గుప్పిట్లో ఉండిపోయింది. పేటెంటు గడువు తీరి, రైలుమార్గాల జోరు పెరిగాకే ఆ ఆలోచనకు మళ్లీ ఊపిరొచ్చింది. 1880లో ఒహాయోలోని బ్యుసైరస్ అనే ఊళ్లో ఒక కంపెనీ, 1884లో దానికి దగ్గర్లోనే మేరియన్‌లో మరో కంపెనీ పుట్టాయి. తర్వాతి నూరేళ్లు ప్రపంచంలోని పెద్ద పెద్ద గోతుల్లో చాలావాటి మీద ఈ రెండు పేర్లే కనిపిస్తాయి.

ఈ మధ్యలో సూయజ్ కాలువ ఉంది. 1859లో పని మొదలయ్యాక ఈజిప్టు పాలకుడు రైతులను వెట్టికి తోలాడు. వేలమంది ఒక విడత తవ్వి ఇళ్లకు పోతుంటే ఇంకో వేలమంది వచ్చేవాళ్లు. ఆ వెట్టి మీద గొడవ ముదిరి 1864 నాటికి అది ఆగిపోయింది. అప్పుడే బోరెల్, లావలే అనే ఫ్రెంచి ఇంజనీర్ల ఆవిరి డ్రెడ్జర్లు రంగంలోకి దిగాయి. 1869లో కాలువ తెరిచేనాటికి తవ్వకంలో ఎక్కువ భాగం వాటి గొలుసు బకెట్లు తోడినదే. యంత్రం వచ్చి మనిషిని వెట్టి నుంచి విడిపించిందని అనుకోవడం మనకు బాగుంటుంది కానీ, సూయజ్ దగ్గర జరిగింది తిరగేసి. వెట్టి పోయాకే యంత్రానికి పిలుపు వచ్చింది.

పనామా దగ్గర కొంచెంసేపు ఆగాలి. యంత్రంతో పాటు బతకడం అంటే ఏమిటో పెద్దఎత్తున మొదటిసారి కనిపించింది అక్కడే. ఫ్రెంచివాళ్లు చేతులెత్తేసిన కాలువను అమెరికా 1904లో అందుకుంది. కొండను చీల్చాల్సిన కులేబ్రా కోత దగ్గర 95 టన్నుల బ్యుసైరస్ షావళ్లు, వాటితో పాటు మేరియన్ షావళ్లు రైలుపట్టాల మీద నిలబడి తవ్వాయి. పక్క పట్టాల మీద ఖాళీ బండ్లు వరసగా వచ్చి నిండి పోతూ ఉండాలి. షావల్ ఆగకూడదు, రైలు ఆగకూడదు. నడిపేవాడు లోపల లీవర్ల దగ్గర ఉంటే, అతని జంటగా క్రేన్‌మన్ అనేవాడు బయట బూమ్ మీదే చిన్న అరుగుపై నిలబడేవాడు. పార ఎంత లోతుకు కొరకాలో చూసుకోవడం, బండి పైకి వచ్చాక పార అడుగు తలుపు తెరవడం అతని పని. ఎండొచ్చినా వానొచ్చినా అక్కడే. బాయిలర్‌కు బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒకడు. కింద బురదలో పట్టాలు ముందుకు జరిపే కూలీల గుంపు వేరే. నడిపేవాడికీ క్రేన్‌మన్‌కూ చూపులతోనే మాట నడవాలి, ఎందుకంటే ఆ మోతలో నోటిమాట వినపడదు.

1906 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ వచ్చి తెల్లబట్టలతో ఒక షావల్ సీట్లో కూర్చుని ఫొటో దిగాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. నాకు దానికన్నా ఆసక్తి కలిగించేది అక్కడ 1907 నుంచి వచ్చిన ‘కెనాల్ రికార్డ్’ అనే వారపత్రిక. ఏ షావల్ ఎన్ని ఘనపు గజాలు తవ్విందో నంబరుతో సహా అందులో అచ్చయ్యేది. దాంతో సిబ్బంది మధ్య పోటీ అంటుకుంది. ఎవరూ కొరడా ఝళిపించలేదు. పట్టికలో పక్కవాడి అంకె ఒక్కటి చాలింది. 1909 మార్చిలో 68 షావళ్లు ఆ కోత నుంచి 20 లక్షల ఘనపు గజాలకు పైగా తోడేశాయి. 1913 మే 20న అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి తవ్వుకుంటూ వచ్చిన 222, 230 నంబర్ల షావళ్లు కోత అడుగున ఎదురెదురుగా కలుసుకున్నాయి.

ఆ సంబరాల పక్కనే రెండు జీతాల పట్టీలు ఉండేవి. అమెరికన్ తెల్లవాళ్లకు బంగారు నాణేల పట్టీ, మిగతావాళ్లకు వెండి నాణేల పట్టీ. బార్బడోస్ నుంచీ ఇతర కరీబియన్ దీవుల నుంచీ వచ్చిన నల్లజాతి కూలీలు గంటకు పది సెంట్లకు డైనమైట్ మోశారు, పట్టాలు జరిపారు. షావల్ పళ్లు మట్టిలో పేలకుండా మిగిలిన మందుకు తగిలి పేలుళ్లు జరిగేవి. కొండచరియ జారితే షావల్, రైలు, పట్టాలు కలిపి పూడిపోయేవి. తేరుకుని మళ్లీ మొదటినుంచీ తవ్వుకోవడమే. అమెరికా హయాంలో అక్కడ రోగాలకూ ప్రమాదాలకూ చనిపోయినవాళ్లు లెక్కకెక్కినంతవరకు 5,609 మంది. వాళ్లలో ఎక్కువమంది వెండి పట్టీవాళ్లే. షావళ్ల నంబర్లు గుర్తుపెట్టుకున్నంత శ్రద్ధగా వాళ్ల పేర్లు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఆవిరి షావల్ కాలం 1930ల కల్లా ముగిసింది. డీజిల్, కరెంటు దాన్ని పక్కకు నెట్టాయి. 1939లో అమెరికాలో వర్జీనియా లీ బర్టన్ అనే రచయిత్రి పిల్లల కోసం వేసిన బొమ్మల పుస్తకంలో ఒక పాత ఆవిరి షావల్ కథానాయిక. కొత్త టౌన్‌హాలుకు నేలమాళిగ తవ్వుతూ పైకి వచ్చే దారి మర్చిపోయి అందులోనే ఉండిపోతుంది. చివరికి దాని బాయిలర్ ఆ భవనానికి వెచ్చదనం ఇచ్చే కొలిమి అవుతుంది, దాన్ని నడిపినవాడు అదే భవనానికి కాపలాదారు అవుతాడు. పిల్లల కథే కానీ పనిపోయిన ఆపరేటరు సంగతి అంత సూటిగా చెప్పిన పెద్దల పుస్తకాలు నేను ఎక్కువ చూడలేదు.

షావల్ కింద నిలబడి పైకి తవ్వుతుంది. పైన నిలబడి కిందికి తవ్వే యంత్రం డ్రాగ్‌లైన్. 1904లో షికాగో దగ్గర జాన్ పేజ్ అనే కాంట్రాక్టరు తాళ్లకు బకెట్ కట్టి దూరంగా విసిరి, లాక్కుంటూ మట్టి నింపే పద్ధతిని పనిలో పెట్టాడు. తవ్వడం బాగానే ఉంది, కదపడమే నరకం. కింద దుంగలు, రోలర్లు వేసి, పలకలు పరిచి, బకెట్‌ను ముందు నేలలో గుచ్చి దాని ఆసరాతో యంత్రం తనను తాను లాక్కోవాలి. ఆ పలకలు మోసేవాళ్ల నడుములు పడిపోయేవి. 1913లో మోనిఘాన్ కంపెనీలో ఆస్కార్ మార్టిన్సన్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. యంత్రానికి రెండు పక్కలా పెద్ద ఇనుప పాదాలు పెట్టాడు. చంకకర్రల మీద బరువు ఆనించి ఒళ్లెత్తి జరిగే మనిషిలా, యంత్రం ఆ పాదాల మీద లేచి ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ కూర్చుంటుంది. అవును, వెనక్కే. బూమ్ ఎటు చూస్తుందో దానికి ఎదురుదిక్కుకు నడవడం దాని తీరు.

ఆ నడకకు ఇంగ్లండులో ఒక ముచ్చట ఉంది. ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ అండ్ రాపియర్ కంపెనీ 1957లో తయారుచేసిన ఒక డ్రాగ్‌లైన్‌కు ఆ ఏడాది గ్రాండ్ నేషనల్ పందెం గెలిచిన గుర్రం పేరు పెట్టారు: సన్‌డ్యూ. బరువు 1,675 టన్నులు. రట్లండ్‌లో ఇనుప ఖనిజం మీది మట్టి తీసి తీసి అక్కడ పని అయిపోయాక, 1974లో దాన్ని విప్పి మళ్లీ బిగించే ఖర్చుకు జడిసి కోర్బీ దాకా 13 మైళ్లు నడిపించారు. రోడ్లు, రైలుమార్గం, రెండు నదులు, కరెంటు తీగలు, నీటి గొట్టాలు దాటుకుంటూ రెండు నెలలు నడిచింది. పందెంగుర్రం పేరు పెట్టుకుని నత్తనడక నడిచే ఆ యంత్రాన్ని చూడడానికి జనం వచ్చారు. 1987లో దాన్ని ముక్కలు చేశారు. దాన్ని కన్న కంపెనీ కూడా అదే ఏడాది మూతపడింది.

ఇక 1950ల నుంచి 1970ల దాకా అమెరికాలో నడిచింది సైజుల పిచ్చి. పైపొర మట్టి ఎంత చవగ్గా తీయగలిగితే అడుగున ఉన్న పలుచని బొగ్గు పొర అంత గిట్టుబాటు అవుతుంది. కాబట్టి ఒక్క యంత్రాన్నే పెంచుకుంటూ పోయారు. కాన్సస్‌లోని వెస్ట్ మినరల్ దగ్గర బిగ్ బ్రూటస్ అనే షావల్ విడిభాగాలు 150 రైలుపెట్టెల్లో వచ్చాయి. 1962 జూన్ నుంచి 1963 మే దాకా బిగించారు. ఎత్తు 160 అడుగులు, బకెట్ 90 ఘనపు గజాలు, బరువు 5,500 టన్నులు. నడిపే సిబ్బంది ముగ్గురు: ఆపరేటరు, గ్రీజు పోసే ఆయిలరు, కింద కేబుల్‌నూ నేలనూ చూసుకునే గ్రౌండ్‌మన్. ఇలినాయిలో 1965లో దిగిన ‘కెప్టెన్’ బకెట్ 180 ఘనపు గజాలు. 1969లో ఒహాయోలో లేచిన బిగ్ మస్కీ అనే డ్రాగ్‌లైన్‌ది 220 ఘనపు గజాల బకెట్, 13,500 టన్నుల బరువు. సిబ్బంది అయిదుగురు. దాని యజమాని సంస్థ ఒక విద్యుత్ కంపెనీ పిల్ల. అంటే అది తవ్వి తీసిన బొగ్గుతో తయారైన కరెంటే మళ్లీ 13,800 వోల్టుల కేబుల్ మీదుగా దాని కడుపులోకి వెళ్లేది.

ముగ్గురో అయిదుగురో అంటే పని తేలికైపోయిందని కాదు. వెనకటి వందలమంది భారం ఆ కొద్దిమంది నెత్తిన పడిందన్నమాట. డ్రాగ్‌లైన్ లోపలికి వెళితే అది ఒక కార్ఖానా. కరెంటు మోటారు తిప్పే డీసీ జనరేటర్లు, బకెట్‌ను ఎత్తే డ్రమ్ము, లాగే డ్రమ్ము, మొత్తం యంత్రాన్ని గిర్రున తిప్పే స్వింగ్ మోటార్లు, ఎక్కడ చూసినా గ్రీజు, ఎప్పుడూ ఆగని గుయ్‌మనే మోత. ఆపరేటరు ముందు రెండు లీవర్లు, కాళ్ల కింద పెడళ్లు. విసురు, లాగు, ఎత్తు, తిప్పు, వదులు, మళ్లీ తిప్పు. ఈ చుట్టు ఒక నిమిషం అటూ ఇటూ. షిఫ్టులో కొన్ని వందల చుట్లు. చేయి తిరిగిన ఆపరేటరుకు బకెట్ నిండిందో లేదో కన్ను చెప్పేలోపే సీటు చెబుతుంది. తాడు లాగే తీరులో, నేల అదిరే తీరులో, మోటారు గొంతు మారడంలో తెలిసిపోతుంది. ఆ విద్యకు మాన్యువల్ లేదు. పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

మన దేశంలో ఈ యంత్రాలకు కొలతే పేరు. 24/96 అంటే 24 ఘనపు మీటర్ల బకెట్, 96 మీటర్ల బూమ్. ఆ రాపియర్ నమూనాను రాంచీలోని హెచ్‌ఈసీ ఇక్కడే తయారుచేసింది. దాదాపు రెండు వేల టన్నుల బరువు. సింగ్రౌలీ బొగ్గు గనుల్లో ఇలాంటివి వరసగా నిలబడ్డాయి. సింగరేణిలో 1975లో రామగుండం దగ్గర మొదటి ఓపెన్‌కాస్ట్ (ఓసీ) గని తెరిచారు. 1980ల్లో డ్రాగ్‌లైన్ వచ్చింది. 1889 నుంచి ఇల్లెందు చుట్టూ భూమి లోపలికి దిగి తట్ట, చెమ్మాస్ అనే పార‌తో బతికిన కోల్‌బెల్టుకు ఇది వేరే లోకం. బాయిలోకి దిగేవాడికి నెత్తిన కప్పు భయం, గ్యాసు భయం. ఓసీలో ఆకాశం కనిపిస్తుంది కానీ వేసవిలో ఆ నల్లటి గోతిలో ఎండ నిప్పులు కురిపిస్తుంది. దుమ్ము ఊపిరి నిండా ఉంటుంది.

డ్రాగ్‌లైన్ దగ్గర ఆపరేటరు ఒక్కడే కనిపిస్తాడు. వెనక చాలామంది ఉంటారు. అది కూర్చునే చోటు చదును చేసే డోజరు ఆపరేటరు, బ్లాస్టింగ్ వాళ్లు, ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు. 6,600 వోల్టుల కరెంటు పారే లావాటి కేబుల్‌ను రబ్బరు గ్లౌజులతో జరిపేవాళ్ల పని వానాకాలంలో చూడాలి. బురద, నీళ్లు, కింద ప్రాణం తీసే తీగ. వానకు నేల మెత్తబడితే రెండు వేల టన్నుల యంత్రం దిగబడుతుందేమోనని ఆఫీసర్లకు నిద్ర ఉండదు. అది ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని గంటలు బ్రేక్‌డౌన్, ఎన్ని గంటలు ఊరికే నిలబడింది అన్న లెక్క ప్రతి షిఫ్టుకూ రాసుకుంటారు. పనామా వారపత్రిక గుర్తుకొస్తుంది. వారపు విరామం ‘ప్లేడే’ నాడు ఊరంతా సెలవైతే మెయింటెనెన్స్ వాళ్లకు అదే పెద్ద డ్యూటీ. తాళ్లు మార్చడం, పళ్లు మార్చడం ఆ రోజుకే పెట్టుకుంటారు. రెట్టింపు మస్టర్ పడుతుందన్న సంతోషం ఉంటుంది, ఆదివారం ఇంట్లో ఉండలేదన్న గొణుగుడూ ఉంటుంది.

పాత యంత్రంతో అసలు తిప్పలు విడిభాగాల దగ్గర మొదలవుతాయి. రాపియర్ 1987లో పోయింది. మేరియన్‌ను 1997లో బ్యుసైరస్ కొనేసింది. బ్యుసైరస్‌ను 2011లో క్యాటర్‌పిల్లర్ మింగేసింది. యంత్రం ఇంకా తవ్వుతూనే ఉంటుంది, దాన్ని చేసినవాడు ఉండడు. అప్పుడు వర్క్‌షాపులో లేత్ మీద భాగాలు చేసుకోవాలి, ఇంకో గనిలో ఆగిపోయిన యంత్రం నుంచి పీక్కురావాలి, పగుళ్లకు వెల్డింగ్ మీద వెల్డింగ్ వేయాలి. ఈ పని చేసిన ఫిట్టర్లకు ఇంజనీరింగ్ చరిత్రలో చోటు దక్కకపోవడం అన్యాయం.

జర్మన్లు వేరే దారి పట్టారు. మెత్తటి నేలలో లిగ్నైట్ తవ్వడానికి అంచు నిండా బకెట్లున్న చక్రాన్ని తిప్పారు. 1978లో వచ్చిన బాగర్ 288 బరువు 13,500 టన్నులు. 2001లో హంబాక్ గని నుంచి గార్జ్‌వైలర్ గనికి 22 కిలోమీటర్లు ఆటోబాన్ దాటి, ఎర్ఫ్ట్ నది దాటి మూడు వారాలు నడిచింది. అది నడవాల్సిన దారిలో నేల పాడవకుండా గడ్డి విత్తారు. దాని కుటుంబం తవ్వాల్సిన దారిలో ఉన్న ఊళ్లకు ఆ భాగ్యం లేదు. ఇమ్మెరాత్ ఊరి పెద్ద చర్చిని 2018 జనవరిలో కూల్చేశారు. 2023 జనవరిలో లుట్జెరాత్‌లో పోలీసులు ఆందోళనకారులను లాక్కెళ్లారు. ఆ చక్రాలే తమిళనాడులోని నైవేలికి వచ్చాయి. 1957 మే 20న నెహ్రూ పని మొదలుపెడితే లిగ్నైట్ కనిపించడానికి 1961 దాకా పట్టింది. రైన్ లోయ మట్టికి అలవాటుపడిన పళ్లు కడలూరు ఇసుకరాయికి అరిగిపోయాయి. అడుగున ఉబికే భూగర్భజలాన్ని పగలూ రాత్రీ పంపులతో తోడకపోతే గని అడుగు పైకి లేస్తుంది. ఒక దేశం నేల కోసం పుట్టిన యంత్రాన్ని ఇంకో దేశం నేలకు అలవాటు చేయడానికి నైవేలి కార్మికులు, ఇంజనీర్లు పడ్డ పాట్లు ప్రత్యేకంగా రాయదగ్గవి.

పొరుగువాళ్ల మాట ఇంకా ఉంది. 1973 జనవరిలో ‘జెమ్ ఆఫ్ ఈజిప్ట్’ అనే షావల్‌ను రోడ్డు దాటించడానికి ఒహాయోలో ఇంటర్‌స్టేట్ 70 జాతీయ రహదారినే ఆపేశారు. అడ్డుకున్నవాళ్లు కొందరు, వేడుక చూడ్డానికి వచ్చినవాళ్లు కొందరు. మన కోల్‌బెల్టులో ఓపెన్‌కాస్ట్‌ను ‘బొందలగడ్డ’ అని తిట్టిన నాయకులు, అదే ఓసీలో ఉద్యోగం కోసం దరఖాస్తు పట్టుకుని తిరిగిన కుర్రాళ్లు ఒకే ఊరివాళ్లు. బ్లాస్టింగ్‌కు గోడలు నెర్రెలిచ్చిన ఇల్లు, ఎండిన బావి, ఊరి వెనక మొలిచిన మట్టిగుట్ట ఒక పక్క. నెలనెలా వచ్చే జీతం, క్వార్టరు, పిల్లల చదువు మరో పక్క. ఈ రెండిట్లో ఒకటే నిజమని ఎవరైనా అంటే వాళ్లు అక్కడ బతకలేదనే అనుకుంటాను. అయితే ఉద్యోగం వైపు తక్కెడ ఏటేటా తేలిపోతూ వచ్చింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. అందుకు కారణాలు చాలా ఉన్నా, బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టు నుంచే రావడం ముఖ్యమైనది.

ఇంత పెద్ద యంత్రాలు చచ్చిపోవడం ఎలా? అరిగిపోయి పోయినవి తక్కువ. కెప్టెన్ 1991 సెప్టెంబరులో మంటల్లో కాలి మూలపడింది. బిగ్ బ్రూటస్ పదకొండేళ్లే పనిచేసి 1974లో ఆగింది. బొగ్గు గిట్టుబాటు కాలేదు. 48 కోట్ల ఘనపు గజాల మట్టి తీసిన బిగ్ మస్కీ 1991లో నిలిచిపోయింది. 1990 నాటి గాలి కాలుష్య చట్టం తర్వాత గంధకం ఎక్కువున్న ఒహాయో బొగ్గును అడిగేవాళ్లు తగ్గారు. 1999లో బూమ్ తాళ్లకు పేలుడు మందు కట్టి పడగొట్టారు. సిల్వర్ స్పేడ్ అనే షావల్‌ను కాపాడాలని స్థానికులు చందాలు పోగుచేశారు. చాలలేదు, 2007లో తుక్కయింది.

కొన్ని బతికాయి. బిగ్ బ్రూటస్ 1985 నుంచి మ్యూజియం. పక్కనున్న చిన్న పట్టణాలకు తమదంటూ చూపించుకోవడానికి అదొక్కటే మిగిలింది. బిగ్ మస్కీ బకెట్ గని కార్మికుల స్మారక పార్కులో ఉంది. అది తవ్వి వదిలిన నేలలో పదివేల ఎకరాల మేర ఇప్పుడు ఖడ్గమృగాలూ జిరాఫీలూ తిరిగే జంతు సంరక్షణ కేంద్రం. తూర్పు జర్మనీలో పాత లిగ్నైట్ గని ఒడ్డున అయిదు యంత్రాలను నిలబెట్టి ఫెరోపొలిస్ అని పేరుపెట్టారు. వాటి నీడలో సంగీతోత్సవాలు జరుగుతాయి. లీడ్స్ దగ్గర సెయింట్ ఏడన్స్‌లో 1988లో నది గనిలోకి తెగిపడితే గని చెరువైంది, ఇప్పుడు పక్షుల నెలవు. గట్టున ఉన్న పాత బ్యుసైరస్ డ్రాగ్‌లైన్‌ను స్థానిక ఔత్సాహికులు రంగు వేసి, గ్రీజు పెట్టి చూసుకుంటున్నారు. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే. కానీ వీటిలో ఎక్కువచోట్ల బోర్డుల మీద మళ్లీ టన్నులు, అడుగులు, ఘనపు గజాలే. ఆ కేబుల్ జరిపినవాడు, బూమ్ మీద నిలబడ్డవాడు, ఊరు ఖాళీ చేసినవాడు బోర్డులో చివరి వాక్యం.

మన దగ్గర అది కూడా లేదు. గనిలో యంత్రం కాలం తీరితే ‘సర్వే ఆఫ్’ అంటారు. ఒక కమిటీ, ఒక సంతకం, ఒక వేలం. తుక్కు వ్యాపారి గ్యాస్ కట్టర్‌తో కోసి తూకానికి పట్టుకుపోతాడు. సింగరేణి యాజమాన్యానికీ, యూనియన్లకూ నా విన్నపం ఒకటే: రామగుండం డ్రాగ్‌లైన్ వంతు వచ్చినప్పుడు మొత్తం యంత్రాన్ని నిలబెట్టే స్తోమత లేకపోయినా బకెట్‌నూ ఆపరేటరు క్యాబిన్‌నూ గోదావరిఖనిలో జనం చూసే చోట పెట్టండి. షిఫ్టు రిజిస్టర్లు కాల్చేయకండి. తొలి తరంలో దాని మీద పనిచేసిన ఆపరేటర్లు, ఎలక్ట్రీషియన్లు, కేబుల్‌మన్లు చాలామంది ఈపాటికి రిటైరయ్యారు. వాళ్ల మాటలు, ఓసీ కోసం ఊరు విడిచినవాళ్ల మాటలు రికార్డు చేయించండి. ఇది చదివేవాళ్ల ఇళ్లలో అలాంటి నాన్నో తాతో ఉంటే యాజమాన్యం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఫోన్ ముందు పెట్టి, మొదటి రోజు ఆ సీట్లో ఎవరు కూర్చోబెట్టారో అడగండి. మిగతాది వాళ్లే చెబుతారు.